వేలంపాటకెక్కిన నాణేలు

పాత నాణేలు కొనేవారి కష్టాలు తీరిక దొరికిన కొద్దిమంది సరదాకు సంబంధించినవనీ, సమాజాన్ని గురించి ఆలోచించేవారు పట్టించుకోదగినవి కావనీ కొందరు మిత్రులు అంటూవుంటారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఆ కష్టాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, మన దేశంలో ప్రజల చరిత్ర ఎలా అమ్ముడుపోతూవున్నదో, ఏ కారణంగా మాయమవుతూవున్నదో స్పష్టంగా కనిపిస్తుంది. చరిత్ర చదివే విద్యార్థులూ, దాన్ని చెప్పే ఉపాధ్యాయులూ ఈ విషయాన్ని తప్పక విచారించవలసివుంది.

హైదరాబాదు పడమటి అంచున, మాదాపూరులో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో కంప్యూటర్ పరిశ్రమపై ఆధారపడిన కొత్త మధ్యతరగతి ఒకటి ఏర్పడింది. పల్లెలనుండి, చిన్న పట్టణాలనుండి వచ్చిన ఈ యువకులలో కొందరికి తమ గతాన్ని గురించి తెలుసుకోవాలనే కోరిక వుంది. అందుకు నాణేలు సేకరించటం ఒక మార్గంగా ఎంచుకున్నారు. ముంబయిలోనో, బెంగుళూరులోనో, అహ్మదాబాదులోనో వేలంపాట జరుగుతుంటే వీరు ఇక్కడ తమ గదిలో కూర్చుని చేతిలోని ఫోనుమీద పాట పాడుతారు. నా దగ్గర చరిత్ర చదువుకున్నవారు కొందరు వారిలో వున్నారు. కొన్న నాణేలను తెచ్చి నాకు చూపిస్తారు, వాటిని గురించి ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలు నాలుగు రకాలు: ఇది అసలుదా, నకిలీదా? దీన్ని గురించి అమ్మినవారు రాసింది నిజమా? దీనికి ఇంత ధర న్యాయమా? దీన్ని నా దగ్గర వుంచుకోవటం చట్టానికి విరుద్ధం కాదు గదా? ఈ నాలుగూ వేర్వేరు ప్రశ్నలు కావనీ, ఒకే వేరునుండి పుట్టినవనీ నా వాదం.

ఆ వేరేమిటో తెలుసుకోవాలంటే ముందు నాణెం మనకేం చెబుతుందో చూడాలి. హైటెక్ సిటీ పక్కన వున్న కొండాపూరు మనకందరికీ తెలుసు. సంగారెడ్డి జిల్లాలో, ఆ పేరుతోనే మరొక కొండాపూరు వుంది. అక్కడి కోటగడ్డ అనే దిబ్బను 1940-42 ప్రాంతంలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ, గులాం యాజ్దానీ ఆధ్వర్యాన తవ్వించింది. శాతవాహనుల కాలపు ఇళ్లు, పూసలు, మట్టిబొమ్మలు, పెద్ద సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. నాణేల తయారీకి వాడిన మట్టిమూసలు కూడా దొరకటంతో అక్కడ టంకశాల వుండేదని పండితులు నిర్ణయించారు. ఈ నాణేలలో సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహంతో చేసినవి హెచ్చు. బంగారంతో గాని వెండితో గాని చిన్న కొనుగోళ్లు సాగవు. గిద్దెడు నూనె, మూరెడు గుడ్డ, కుండ, కొడవలి కొనటానికి చిల్లర కావాలి. సీసపు నాణేలు అంత విస్తారంగా చలామణి అయ్యాయంటే, నాణెంతో సరుకు కొనే సామాన్యులు అక్కడ వుండేవారన్న మాట. రాజుల వంశావళులలో చోటు దొరకని ఆ జనం గురించి మనకు సాక్ష్యమిచ్చేది ఈ అల్పమైన లోహపు బిళ్లలే.

ఐతే ఆ సాక్ష్యం నాణెం ఒక్కదానిలో లేదు. అది ఏ పొరలో, ఏ ఇంట్లో, వేటితో కలిసి, ఎన్నింటితో కలిసి దొరికింది అనే సమాచారంలో వుంది. ఈ సంగతిని ఆచరణలో నిరూపించినవాడు దామోదర్ ధర్మానంద కోశాంబి. ఆయన గణితశాస్త్రవేత్త, మార్క్సిస్టు. తక్షశిలలో దొరికిన విద్ధాంక నాణేల నిధులను తీసుకుని, 1940 తర్వాత ఆయన ఒక్కొక్క నాణేన్నీ తూచాడు. చేతులు మారుతున్నకొద్దీ నాణెం అరుగుతుంది, బరువు తగ్గుతుంది. ఒకే కాలంలో ముద్రించిన నాణేలను గుంపుగా తీసుకుని సగటు బరువు లెక్క కడితే, ఏ గుంపు ఎక్కువకాలం చలామణిలో వున్నదో తెలుస్తుంది. ఆ విధంగా, పేర్లు రాయని నాణేలను కూడా కాలక్రమంలో పేర్చవచ్చునని ఆయన చూపించాడు. తన పద్ధతి సరైనదో కాదో పరీక్షించుకోవటానికి, ఆనాడు బజారులో తిరుగుతున్న నాణేలను కూడా వేలసంఖ్యలో తూచి చూశాడు. చరిత్రకు గణితాన్ని జోడించిన ఈ పని పూర్తిగా ఒక్క షరతుమీద ఆధారపడివుంది: నిధి చెదరకుండా వుండాలి. మంచివి కొన్ని ఏరి పక్కనబెట్టి, అరిగినవాటిని పారేస్తే సగటు తారుమారవుతుంది, లెక్క చెడిపోతుంది.

నాసిక్ జిల్లాలోని జోగళ్‌తెంబి నిధి ఇందుకు మరొక ఉదాహరణ. 1906లో అక్కడ 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. కాని వాటిలో 9 వేలకు పైగా నాణేలమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరిగి వేయించాడు. ఓడిన రాజు డబ్బును గెలిచిన రాజు తన డబ్బుగా మార్చుకుని చలామణిలో పెట్టిన వైనం ఆ నిష్పత్తిలో కనిపిస్తుంది. అదే నిధి ఈనాడు దొరికి, ఒక్కొక్క నాణెం ఒక్కొక్క నగరంలో వేలానికి వచ్చివుంటే? రెండు ముద్రలున్న ఒక వింత నాణెం ఒక యువకుడి పెట్టెలో వుండేది. పదమూడు వేలలో తొమ్మిది వేలు అన్న చారిత్రక సత్యం మాత్రం ఎక్కడా వుండేది కాదు.

మన ప్రాంతం విషయానికి వద్దాం. గోదావరి ఒడ్డున, ఈనాటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల అనే చిన్న గ్రామం వుంది. అక్కడి స్థానికులు ఏరి భద్రపరచిన నాణేలు 1970ల చివర పండితుల దృష్టికి వచ్చాయి. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిమీది బ్రాహ్మీ అక్షరాలను చదివి ప్రకటించారు. గోభద, నారన, కంవాయస, సమగోప వంటి, అంతకుముందు చరిత్రకు తెలియని పేర్లు ఆ నాణేలమీద కనిపించాయి. చిముక శాతవాహనుడి పేరున్న నాణేలు కూడా దొరికాయి. నానాఘాటు శాసనం ద్వారా సిముకుడుగా మనకు తెలిసిన రాజు ఇతడేనని శాస్త్రిగారి వంటివారు నిర్ణయించారు. శాతవాహనులు పడమటి దక్కనులో మొదలయి తూర్పుకు వచ్చారా, లేక తెలంగాణాలో మొదలయి పడమటికి వెళ్లారా అనే పాత వివాదం దీనితో కొత్త మలుపు తిరిగింది. ఆ వివాదం ఇంకా ముగియలేదు. ముగియనక్కర కూడా లేదు. మనం గమనించవలసిందల్లా ఇది: ఆ నాణేలకు బజారులో పెద్ద విలువ కట్టదగిన లక్షణం ఏదీ లేదు. అరిగినవి, నల్లబడినవి, చేతిలో పట్టుకుంటే రూపం పోల్చలేనివి. వాటికి చరిత్రలో విలువ వచ్చింది కోటిలింగాలలో దొరకటం వల్ల. అవే నాణేలు 'దక్కను, ప్రాచీనం' అనే రెండు మాటల చీటీతో ముంబయి వేలంలోకి వచ్చివుంటే, శాతవాహనుల జన్మస్థానాన్ని గురించి అవి ఒక్క ముక్క చెప్పగలిగివుండేవి కావు.

వేలంలోకి వచ్చే నాణెంలో చాలావరకు లేనిది సరిగ్గా ఈ ఊరు పేరే. అది ఎందుకు లేదు? దీనికి జవాబు మన చట్టంలోనూ, మన ఆర్థిక వ్యవస్థలోనూ వెతకాలి. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో లంకెబిందె బయటపడుతుంది. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నిధుల చట్టం ప్రకారం, పది రూపాయల విలువకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజెయ్యాలి. లేకపోతే తన వాటా పోవటమేగాక, ఏడాదిదాకా జైలుశిక్ష కూడా పడవచ్చు. ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే ఎంత చెల్లించాలి? అందులోని పదార్థం విలువ, దానిమీద అయిదోవంతు. పదార్థం విలువ! బంగారమైతే సరే. సీసపు నాణేల కుండ దొరికిన కూలివాడికి ఈ చట్టం ఇవ్వజూపేది సీసం ధర, దానిపైన మరి అయిదోవంతు. అదే నాణేన్ని దళారి వంద రూపాయలకు కొని, పెద్ద వ్యాపారికి వెయ్యికి అమ్మి, చివరికి వేలంలో అది అంతకు ఎన్నో రెట్లు పలికినా, కూలివాడికి అందేది మొదటి వంద మాత్రమే. పైగా పోలీసుల భయం. కాబట్టి అతడు రాత్రికి రాత్రి దాన్ని వదిలించుకుంటాడు. బంగారమూ, వెండీ అయితే ఒక్కొక్కప్పుడు కంసాలి కుంపటిలోకి పోతాయి. మిగతావి ఊరు పేరు చెప్పకూడదనే షరతుమీద చేతులు మారుతాయి. మౌనమే ఈ వ్యాపారానికి మూలధనం. కూలివాణ్ణి దొంగ అని తిట్టేవారు ఈ సంగతి ముందు ఆలోచించాలి.

ఇప్పుడు నా విద్యార్థుల నాలుగు ప్రశ్నలను ఈ వెలుగులో చూద్దాం.

మొదటిది నకిలీల ప్రశ్న. శాతవాహనుల వెండి నాణేలలో రాజు ముఖచిత్రం వున్నవి వున్నాయి. ఒకవైపు ప్రాకృతంలోనూ, రెండోవైపు ద్రావిడ భాషలోనూ అక్షరాలుంటాయి. అవి అరుదు, అందువల్ల ఖరీదు. ఎక్కడ ఖరీదు వుందో అక్కడ నకిలీ తయారవుతుంది. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత వుంటుందనీ, పైన గాలిబుడగల గుంటలుంటాయనీ, అక్షరాల అంచులు మెత్తబడి వుంటాయనీ కొనేవారికి చెప్పవచ్చు. కాని కొత్తగా ముద్ర చెక్కి, పాత లోహంమీదనే కొడితే ఆ గుర్తులేవీ వుండవు. తూచి చూడాలన్నా, భూతద్దంతో చూడాలన్నా నాణెం చేతికి రావాలి. ఫోనుమీది బొమ్మలో బరువు లేదు, చిలుము నిజమైనదో పూసినదో తెలియదు. కోటిలింగాల తవ్వకంలో పొరనుండి తీసిన నాణెం అసలుదా అని ఎవరూ అడగరని గమనించండి. దొరికిన చోటు నమోదయివున్నచోట నకిలీకి తావు లేదు. చోటు చెప్పకపోవటం ఆచారమైనచోట, అసలు నాణేనికీ నకిలీకీ ఒకే మౌనం కవచమవుతుంది.

ఇంకా అడుగుమెట్టున వున్న మోసాలు కూడా వున్నాయి. సీతారామ పట్టాభిషేకం ముద్రించిన రామటంకాలు భక్తులు పూజలో వుంచుకునే బిళ్లలు. వాటిని విజయనగర చక్రవర్తుల నాణేలని అంటగట్టేవారున్నారు. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరూ, 1818 అనే సంవత్సరమూ, రెండోవైపు దేవతామూర్తులూ వున్న రాగిబిళ్లలు ఊరూరా అమ్ముడవుతున్నాయి. కంపెనీ అటువంటి నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. బియ్యపు గింజలను ఆకర్షించే రాగి నాణెమని చెప్పి లక్షలు దండుకున్న ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పోలీసులు పట్టుకున్నారు. చదువుకున్నవారు కూడా ఇందులో పడుతున్నారంటే, శాస్త్రం ఉద్యోగానికే పరిమితమయి, ఆలోచనలోకి దిగలేదని అర్థం.

రెండవది వర్ణన ప్రశ్న. వేలం జాబితాలో 'పాత సేకరణ నుండి' అనే మాట తరచు కనిపిస్తుంది. ఎవరి సేకరణ, ఏ సంవత్సరంలో, ఏ రసీదు? చాలాసార్లు జవాబుండదు. పైగా, సరుకు ఎలా వుందో అలాగే అమ్ముతామనీ, ఫిర్యాదుకు గడువు ఇంతేననీ చిన్న అక్షరాలలో నిబంధనలుంటాయి. మావాళ్లలో ఒకరు ఇక్ష్వాకుల సీసపు నాణెమని కొన్నది శాతవాహనులదని తేలింది. రెండూ సీసమే, రెండింటిమీదా ఏనుగే, అక్షరాలు సగం లేవు. నాగార్జునకొండ లోయలో దొరికిందని గాని, మరొకచోట దొరికిందని గాని ఒక్క మాట వుంటే ఆ సందేహం చాలావరకు తీరేది.

మూడవది ధర. సుత్తి పడ్డ ధరమీద వేలందారు కమీషను, దానిమీద పన్ను, పంపే ఖర్చు అన్నీ కలుస్తాయి. ఇది బయటికి కనిపించే భాగం. కనిపించనిది, పాట పెంచటానికి అమ్మేవారి మనుషులే పాడుతున్నారేమోననే అనుమానం. ఫోనులో ఎదుటివాడి ముఖం కనిపించదు గనుక దీన్ని నిరూపించటం కష్టం. ఇంతకంటె మౌలికమైన విషయం ఒకటుంది. వేలం ధర నాణెం శుభ్రతకూ, అరుదుతనానికీ కట్టే ధర. అరగని నాణెం అంటే చేతులు మారనిది, బజారు చూడనిది. కోశాంబికి అక్కరకు వచ్చినవి అరిగిన నాణేలు. వేలంలో వాటికి గిరాకీ లేదు. అంటే శ్రమజీవుల చేతుల్లో నలిగిన నాణెం చవక, ఖజానాలో నిద్రపోయిన నాణెం ప్రియం. మారకపు విలువ చరిత్ర విలువకు ఎంత వ్యతిరేకంగా పనిచేస్తుందో ఇంతకంటె చక్కగా చెప్పలేము.

నాలుగవది చట్టం. అనుమతి లేకుండా పురావస్తువులను దేశం దాటించటాన్ని 1947 చట్టమే నిషేధించింది. 1972లో వచ్చి 1976నుండి అమలయిన పురావస్తువుల చట్టం ప్రకారం, నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపరాదు. దానితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. శిల్పాలవంటి వాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు గాని, నాణేలకు ఆ నిర్బంధం పెట్టలేదు. అందువల్ల సామాన్య నాణేనికి పుట్టుపూర్వోత్తరాలు తెలిపే కాగితం ప్రభుత్వం దగ్గర కూడా లేదు. అది ఎవరో నమోదైన సేకరణనుండి వచ్చిందా, నిన్న ఎక్కడో దిబ్బ తవ్వితే వచ్చిందా అన్నది కొనేవారికి తెలిసే మార్గం లేదు. గుప్తనిధుల కోసం పాడుబడిన గుడులను, దిబ్బలను తవ్వేవారి వార్తలు మన పత్రికల్లో కొత్త కావు. హైటెక్ సిటీలోని గదినుండి పాడిన పాటకూ, ఆ దిబ్బలో దిగిన గడ్డపారకూ మధ్య దారి వుండవచ్చునన్న సంగతి పాడేవారు తెలుసుకోవాలి.

చిన్నవారి చిన్న నాణేల సంగతి ఇలా వుండగా, పెద్దవారి పెద్ద నాణెం సంగతి కూడా చెప్పుకోవాలి. జహంగీరు 1613లో ఆగ్రాలో ముద్రింపించిన, దాదాపు 12 కిలోల బరువుగల బంగారు మొహరు ఒకటుంది. దాన్ని ఇరాన్ షా రాయబారి యాద్గార్ అలీకి బహూకరించారని చెబుతారు. నిజాం ఖజానాకు చెందినదిగా భావించిన ఆ నాణెం 1987 నవంబరులో జెనీవాలో వేలానికి వచ్చింది. మన కేంద్ర దర్యాప్తు సంస్థ విచారణ చేపట్టింది. ఆ నాణెం ఈనాటికీ ప్రజల కంటపడలేదు. ఇందులో గమనించవలసింది ఒకటి. రాజు పేరు, టంకశాల పేరు, సంవత్సరం అన్నీ తెలిసిన ప్రపంచప్రఖ్యాత నాణేనికి కూడా వేలానికి చేరిన దారి చీకటిగానే మిగిలింది. అంతటి బంగారమే అలా కనుమరుగు కాగలిగితే, కరీంనగర్ పొలంలో దొరికిన సీసపు బిళ్ల గతి ఏమిటి?

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. సేకరించేవారు లేకపోతే ఈ నాణేలన్నీ కంసాలి కుంపటిపాలయివుండేవి గదా, వారు చరిత్రను కాపాడుతున్నారు గదా అని. ఇందులో నిజం లేకపోలేదు. కోటిలింగాల కథ మొదలయింది కూడా ప్రభుత్వ శాఖలో కాదు, స్థానికుల ఆసక్తితోనే. ఐతే వారు నాణేన్ని ఊరినుండి విడదీయలేదు. ఇక్కడ దొరికింది అని చెప్పి చూపించారు. మనం కోరేది సేకరించటం మానెయ్యమని కాదు. ఆ స్థానికులు చేసినట్టు చెయ్యమని.

ప్రభుత్వ బాధ్యత కూడా తక్కువది కాదు. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల నిధి చెదరకుండా మ్యూజియంకు చేరింది గనుకనే, పరమేశ్వరీలాల్ గుప్త దానిమీద 1963లో గ్రంథం వెలువరించగలిగారు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన పదిహేనువందలకు పైబడిన రోమన్ వెండి నాణేల నిధి కూడా అలాగే నిలిచి, తెలంగాణా పల్లెకూ రోమక సామ్రాజ్యానికీ నడిచిన వర్తకాన్ని చూపింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో నాణేలు లక్షకు మించి వున్నాయి. వాటిలో ప్రతి ఒక్కదాని ఫోటో, బరువు, దొరికిన ఊరు ప్రజలకు అందుబాటులోకి వస్తే, వేలంలో కొనే యువకుడికి నకిలీని పోల్చుకునే కొలబద్ద దొరుకుతుంది. విద్యార్థులకు కోశాంబి వలె లెక్కలు కట్టే అవకాశం దొరుకుతుంది. భూగోళమంతటికీ కంప్యూటర్ లెక్కలు రాసిపెడుతున్న నగరంలో ఈ పని అసాధ్యమని ఎవరూ అనలేరు.

చట్టం కూడా మారాలి. ఇంగ్లండు, వేల్సులలో 1996 చట్టం ప్రకారం మ్యూజియం తీసుకునే నిధికి బజారు ధర ప్రతిఫలంగా ఇస్తారు. 1997నుండి, నిధి కింద రాని చిన్న వస్తువులను కూడా దొరికిన చోటుతో సహా నమోదు చేసే ఏర్పాటు అక్కడ వుంది. మనకు 1878 చట్టం ఇచ్చినవాళ్లే తమ దేశంలో పద్ధతి మార్చుకోగా, మనం మాత్రం పదార్థం విలువ, అయిదోవంతు అనే లెక్కదగ్గరే ఆగిపోయాము. దొరికిన కూలివాడికి న్యాయమైన ధర, శిక్షకు బదులు గౌరవం లభిస్తే, ఊరు పేరు దాచవలసిన అవసరం వుండదు.

ఇవి జరిగేదాకా కొనేవారు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. పాట పాడటానికి ముందు ఈ నాణెం ఎక్కడిదని, ఎవరి చేతులమీదుగా వచ్చిందని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాని నాణేన్ని ఎంత అందమైనదైనా వదిలెయ్యండి. గుంపుగా వచ్చిన నాణేలను విడగొట్టి అమ్మకండి. వున్నవాటి బరువు, కొలత, కొన్న తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు, పిల్లలు ఏరి తెచ్చిన బిళ్లను పారెయ్యక, ఏ పొలంలో దొరికిందో రాయించి మ్యూజియంకు తెలియజెయ్యండి. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట, కొండాపూరు వంటి దిబ్బలు మన జిల్లాల్లో ఇంకా ఎన్నో వున్నాయి. వాటిలో మిగిలిన నాణేలు ఊరు పేరుతో బయటికి వస్తాయా, ఊరులేని సరుకుగా వేలంపాటకెక్కుతాయా అన్నది ఈ తరం తేల్చవలసిన విషయం.